ఒంటిచేతి స్వెట్టరు

నేను ఒక స్వెట్టరుని. ముందు గుండీలు పెట్టుకునే రకం. ఫోన్లో నేర్పే ఆవిడ దీన్ని కార్డిగన్ అంటుంది గానీ మా ఇంట్లో ఆ మాటకి ఎవరి నోరూ తిరగదు, అందుకని స్వెట్టరే. వయసడిగితే మాత్రం చిక్కు. ఒక లెక్కన తొమ్మిదేళ్ళు, ఇంకో లెక్కన నాలుగు. మీరు ఒక్కసారి పుట్టి ఏడాదికోసారి కేకు కోసుకుంటారు. నన్ను పదకొండుసార్లు పుట్టించి పదిసార్లు విప్పేశారు. కేకు కాదు కదా, బిస్కెట్టు ముక్క కూడా ఎవరూ విరవలేదు.

వీటికంతటికీ ముందు నాకు ఇంకో జన్మ ఉంది. అది ఏదో మిషను చలవ. విశాఖపట్నంలో చలికాలం రాగానే రోడ్డు పక్కన టార్పాలిన్ వేసి స్వెట్టర్లమ్మే టిబెట్ ఆవిడ దగ్గర, వంకాయ రంగులో, మగవాళ్ళ సైజులో వేలాడుతుండగా నాకు తెలివొచ్చింది. దేముడుబాబు అనే అతను కొన్నాడు. కొత్తగా కరెంటు లైన్‌మన్ ఉద్యోగం వచ్చి, చింతపల్లి వైపు కొండ మీద పోస్టింగ్ పడింది. అక్కడి చలి గురించి నేను ఉన్నదున్నట్టే చెప్తాను. డిసెంబర్లో కొబ్బరినూనె సీసాని గరిటెతో తవ్వుకోవాలి. కోళ్ళు గూట్లోంచి బయటికి రాకుండా లోపల్నించే ఒక కూత కూసి మళ్ళీ పడుకుంటాయి. స్నానం అనే మాట పెద్దవాళ్ళ ముందు ఎవరూ అనరు.

మూడు చలికాలాలు అతని ఒంటి మీద ఆ మండలంలో స్తంభాలన్నీ ఎక్కాను. ఏ స్తంభం ఎటు ఒరిగిందో ఆఫీసు కంటే నాకే బాగా తెలుసు. నన్నెవరూ అడగలేదు.

మూడో చలికాలంలో స్తంభం బదులు ఆసుపత్రి మెట్లెక్కాం. దేముడుబాబు భార్య హైమకి అప్పుడు ఏడో నెల. రెండు రోజులుగా కడుపులో బిడ్డ కదలట్లేదంది. వరండాలో నిలబడ్డాం. లోపల్నించి నర్సు వచ్చి మెల్లిగా ఏదో చెప్పింది. దేముడుబాబు నా ఎడమ చేతి అంచుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తడి ఆరడానికి రెండు రోజులు పట్టింది. చలికాలం కదా, ఊలు తొందరగా ఆరదు.

ఇంటికొచ్చేసరికి బీరువాలో గౌన్లున్నాయి. ఆరు. హైమ ఆరో నెలలోనే నర్సీపట్నం వెళ్ళి కొనుక్కొచ్చింది. బిడ్డ పుట్టకముందు ఒక్క కొత్త గుడ్డ కూడా ఇంట్లోకి రాకూడదని, పుట్టగానే పాత చీర ముక్కలోనే చుట్టాలని ఆ వైపు ఇళ్ళల్లో అందరికీ తెలుసు. హైమకీ తెలుసు. కానీ ఒక గౌను మీద బాతు బొమ్మ ఉంది. బాతు బొమ్మ కనబడ్డాక మనిషికి తెలిసినవేవీ గుర్తుండవు. అత్తగారు నూకరత్నం ఆ గౌన్లని సంచిలో వేసుకుని ఎక్కడికో వెళ్ళి, వట్టి చేతుల్తో తిరిగొచ్చింది. కోడల్ని ఒక్క మాట అనలేదు. అనేసినా బావుండేది. ఆ అనని మాట ఆ ఇంట్లో రెండేళ్ళు కాపురం చేసింది. వాళ్ళతోపాటే కూర్చుని తినేది, వాళ్ళతోపాటే టీవీ చూసేది.

ఆ తర్వాత ఒక స్తంభం మేకు నన్ను మెడ నుంచి నడుం దాకా చీరేసింది. ట్రంకు పెట్టెలో పడేశారు. నా పనైపోయిందనే అనుకున్నాను.

రెండేళ్ళకి హైమకి మళ్ళీ నెల తప్పింది. బీపీ ఎక్కువుంది, మంచం దిగొద్దంది డాక్టరమ్మ. జనవరిలో కాన్పు. మంచం మీద పడుకున్న మనిషికి భయపడటం తప్ప వేరే పనుండదు. హైమ ఆ పనిని గవర్నమెంటు ఉద్యోగంలా చేసేది, ఇంకా చెప్పాలంటే అంతకన్నా శ్రద్ధగా, ఆదివారం సెలవు కూడా లేకుండా. ఒకరోజు ఫోన్లో ఎవరో పసిపిల్లకి స్వెట్టరు అల్లి చూపిస్తుంటే, భయానికి పది నిమిషాలు విరామమిచ్చి చూసింది. విరామం బావుంది. ఇంకో పది నిమిషాలు చూసింది.

హైమది పాయకరావుపేట దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. పెళ్ళయ్యేదాకా స్వెట్టరుని సినిమాల్లో హీరోల భుజాల మీద ముడేసి ఉండగానే చూసింది. చివర చిన్న కొక్కెం ఉండే ఆ సూదిని ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు. అయినా మొగుడి చేత సంతలో తెప్పించుకుంది. కొత్త ఊలు కొంటే కొత్త గుడ్డయిపోతుంది కాబట్టి నన్ను పెట్టెలోంచి తీసి విప్పింది. చిరిగిన చోట ముక్కలు ముక్కలైపోయింది పారేసి, మిగిలింది ఉండ చుట్టింది. నా దారమంతా మెలికలు తిరిగి ఉంగరాల జుట్టులా ఉంది. అత్త సంతకి వెళ్ళినప్పుడు ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పెట్టి సాపు చేసింది. ఇడ్లీల్లా ఉడికిన స్వెట్టర్లు ప్రపంచంలో ఎన్నున్నాయో నాకు తెలీదు. నేను మాత్రం మెత్తగానే ఉడికాను.

ఫోన్ని కిటికీ ఊచకి కడితే ఒక గీత సిగ్నలు వచ్చేది, గాలి వీస్తే పోయేది. ఒక వరస అయ్యాక అల్లిక తిప్పి, ఆఖరి కుట్టు ఎక్కడ వెయ్యాలో ఆవిడ చెప్పబోయే చోట సరిగ్గా బొమ్మ ఆగిపోయేది. ఆవిడ నోరు తెరుచుకుని వారం రోజులు అలాగే ఉండిపోయింది. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో హైమకి తెలీనే లేదు. దాంతో ప్రతి వరస చివరా ఒక కుట్టు జారిపోయేది. అరవై కుట్లతో మొదలైన నా వీపు, మెడ దగ్గరికొచ్చేసరికి మూడు కుట్లయింది.

“ఏటే ఇది, జెండానా?” అన్నాడు దేముడుబాబు.

“మీ మొహం. వీపు.”

“ఎవుల వీపు? చేపదా?”

విప్పేసింది. రెండోసారి భయంతో చివర రెండేసి కుట్లు వేస్తే వీపు లంగాలా కుచ్చులు పోసుకుంది. మూడోసారి మొదటి వరసకి వేసే గొలుసు కుట్టు ఎంత బిగించిందంటే సూది లోపలే ఇరుక్కుపోయింది, దేముడుబాబు కటింగ్ ప్లేరుతో పీకాల్సొచ్చింది. అతను ఆ గొలుసుని రెండు చేతుల్తో లాగి చూసి, దీంతో ట్రాన్స్‌ఫార్మర్ని వేలాడదియ్యొచ్చన్నాడు. ఆ శాఖ మనిషి కాబట్టి ఊరికే అనడు. నాలుగూ అయిదూ నేను చెప్పను. నాకూ కాస్త పరువుంది.

ఇవన్నీ రాక విప్పినవి. ఆరోసారి నుంచి సంగతి వేరు. ఆరోసారి వీపు నలుచదరంగా, బుద్ధిగా వచ్చింది. హైమ నన్ను కడుపు మీద పరుచుకుని చూసుకుంది. నవ్వబోయింది. సగంలో ఆపేసి, కడుపు మీద చెయ్యేసుకుని బిగుసుకుపోయింది. లోపలున్నది ఒకసారి తన్నాక ఊపిరొదిలి, దారం కొస పట్టుకుని లాగేసింది. నేనంతా ఒకటే దారాన్ని. కొస దొరికితే చాలు, రెండు నిమిషాల్లో ఉండనైపోతాను. ఏడోసారీ అంతే, ఎనిమిదోసారీ అంతే. మొదలుపెట్టకుండా ఉండలేదు, పూర్తి చెయ్యడానికి ధైర్యం చాలదు. పూర్తయితే నేను గుడ్డనైపోతాను. గుడ్డ ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఆవిడకి ఒకసారి తెలిసొచ్చింది.

అల్లనప్పుడు నన్ను మినపగుళ్ళ డబ్బాలో దాచేది. అత్త వంట చేసే ఇంట్లో మినపగుళ్ళ డబ్బా ఏం దాపరికమో నాకర్థం కాదు. దొరకాలనే దాచిందేమో.

దొరికాను. నవంబరు ఆఖరి వారం, పదకొండో పుట్టుక. అప్పటికి వీపు, రెండు ముందు ముక్కలు, కుడి చెయ్యి అయ్యాయి. నూకరత్నం ఇడ్లీకి పప్పు నానబోద్దామని మూత తీసింది. నేను ఆవిణ్ణి చూశాను, ఆవిడ నన్ను చూసింది. ఎవరం ఎక్కువ హడలిపోయామో చెప్పలేను. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చింది.

“ఏటే ఇది?”

“పాత ఊలే అత్తయ్యా. మీ అబ్బాయి చిరిగిన స్వెట్టరు విప్పాను. కొత్తది కాదు.”

“అల్లింది కొత్తగానే కదా.”

“పదిసార్లు విప్పాను. పదిసార్లు విప్పినది కొత్తదెలా అవుద్ది?”

నూకరత్నం మంచం అంచున కూర్చుంది. నన్ను వాసన చూసింది. లాగి చూసింది. తిరగేసింది. హత్య కేసుల్లో జడ్జీలు కూడా అంతసేపు ఆలోచించరు.

“చేతులేవి?” అంది.

“ఒకటయింది. రెండోది రేపు మొదలెడతాను.”

“మొదలెట్టకు.”

హైమ సూదిని దిండు కింద పెట్టేసింది.

“ఒక చెయ్యే ఉంటే అది గుడ్డ కాదు,” అంది నూకరత్నం, ఎవరో వింటున్నట్టు కాస్త గట్టిగా. “ఎవులైనా తొడుక్కోగలరా? లేరు. తొడుక్కోలేనిది గుడ్డెలగవుద్ది? ఇలగే ఉండనీ. బిడ్డ పుట్టి ఏడిచాక వేద్దువు రెండోది.”

“అలాగే అత్తయ్యా.”

దేవుడితో ఇలాంటి బేరాలు కుదుర్చుకునేటప్పుడు మనుషుల మొహాలు చూడాలి. ఆఫీసులో అర్జీ ఇచ్చేవాళ్ళ మొహాల్లా ఉంటాయి. కాగితాలన్నీ సరిగ్గా పెట్టాం, తిప్పి పంపడానికి మీకిక వీల్లేదు అన్నట్టు.

ఆ తర్వాత పదిహేను రోజులూ నన్ను డబ్బాలో దాచాల్సిన పని లేకపోయింది. హైమ నా అంచులు సరిచేస్తుంటే నూకరత్నం పక్కన పీట వేసుకుని బియ్యంలో రాళ్ళేరేది. కళ్ళు బియ్యం మీద, చూపు సూది మీద.

“ఆ దారం అలగెందుకు చుట్టావు?”

“కొక్కేనికి అందాలని. నేర్చుకుంటారా?”

“నాకెందుకమ్మా. నువ్వు తప్పు చేస్తే పట్టుకుందామని.”

ఆ పూట వండిన అన్నంలో ఎన్ని రాళ్ళొచ్చాయంటే, దేముడుబాబు తినడం మానేసి గుటుక్కున మింగడం అలవాటు చేసుకున్నాడు.

డిసెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం హైమ మొహం, కాళ్ళు ఉబ్బిపోయాయి. కళ్ళ ముందు మసకమసకగా ఉందంది. అంబులెన్సులో ఘాట్ రోడ్డు దిగి పట్నం ఆసుపత్రికి చేరేసరికి మాట తడబడుతోంది. పాత చీర ముక్కల సంచిలో నేను కూడా ఉన్నాను, సూదితో, నిమ్మకాయంత మిగిలిన ఊలు ఉండతో సహా. సంచి సర్దింది దేముడుబాబు. కంగారులో టార్చిలైటు, రెండు ఫ్యూజు క్యారియర్లు కూడా వేశాడు.

వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నెల పైన వారం ముందే వచ్చేసింది. కేజీ మూడొందల ఎనభై గ్రాములు. హైమకి ఫిట్స్ వచ్చి ఒక వార్డులో, పిల్ల అద్దాల గదిలో వేడి దీపం కింద, మధ్యలో ఉన్న బెంచీ మీద నూకరత్నం. బయటికొచ్చిన నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగింది ఒక్కటే.

“ఏడిచిందా?”

“ఆ. కొంచెం. పిల్లికూనలాగ.”

“ఏడిచింది కదా? ఏడుపే కదా అది?”

“ఏడుపేనమ్మా.”

నూకరత్నం బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి నన్ను తీసి, ఎడమ భుజం దగ్గర సూది గుచ్చింది.

జీవితంలో మొదటిసారి ఆవిడ ఆ సూది పట్టుకోవడం. నేర్పడానికి వీడియో లేదు, హైమ లేదు. బియ్యం ఏరుతూ దొంగచూపుల్తో చూసిందే చదువు. హైమ కుట్టు ట్రాన్స్‌ఫార్మర్ని మోస్తే, ఆవిడ కుట్టులోంచి ట్రాన్స్‌ఫార్మర్ జారి కింద పడుతుంది. ఒక్కో కన్నంలో చొక్కా గుండీ సులువుగా దూరిపోతుంది. అయినా పొద్దున్నే పిల్లని తూచి బరువు చెప్పగానే ఒక వరస. రోజుకి ఒకటే. కేజీ మూడొందల నలభై. వరస. కేజీ మూడొందలు. వరస. మొదట్లో కాస్త తగ్గుతారమ్మా, మామూలే అని నర్సమ్మ చెప్పింది. ఆవిడ తలూపింది, వరస మాత్రం మూడుసార్లు తప్పు వేసింది.

వారం తిరిగేసరికి నా ఎడమ చెయ్యి ఉండాల్సినదాన్ని దాటిపోయింది. వదులు కుట్లు కదా, రోజుకి రెండంగుళాలు. అటుగా వెళ్తున్న నర్సమ్మ ఆగి చూసింది.

“ఎవరికమ్మా ఇది, ఏనుక్కా?”

“మా మనవరాలికి.”

“అయితే ఇక ఆపొచ్చు కదా.”

“ఆపితే?” అంది నూకరత్నం.

వెక్కిరింత కాదు. నిజంగానే అడిగింది. నర్సమ్మ ఒళ్ళోంచి వేలాడుతున్న ఆ చేతిని ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టింది. జేబులో చేతులు పెట్టుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు ఎవరూ బరువు చెప్పలేదు. డాక్టరు బయటికొచ్చి, పిల్లకి ఇన్ఫెక్షన్ వచ్చిందని, ఊపిరి తియ్యడం మధ్యమధ్యలో మర్చిపోతోందని, మిషను పెట్టామని చెప్పాడు. ఊపిరి తియ్యడం మర్చిపోవడం. నేను చాలా మరుపులు చూశాను, ఇలాంటిది వినలేదు. దేముడుబాబు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నూకరత్నం సూది తీసింది. సగం వరసకి ఊలు అయిపోయింది.

సంచంతా వెతికింది. చీర ముక్కలు, టార్చిలైటు, ఫ్యూజు క్యారియర్లు. ఊలు లేదు. “ఒరే, ఊలురా. ఊలు తేరా,” అంది కొడుకుతో. వంకాయ రంగు ఊలు, మనదే, పాతది కావాలంది. అతను తెల్లబోయి చూశాడు. ఆవిడ ఖాళీ సూదిని ఆ ఆఖరి కన్నంలో ఉంచి, జారిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టి కూర్చుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే నా ఊలు అక్కడ ఇప్పటికీ చపటగా ఉంటుంది.

అప్పుడొచ్చింది హైమ. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి పిల్లని చూడ్డానికని, గోడ పట్టుకుని, చేతికి సెలైను సూది ప్లాస్టరుతో. అద్దంలోంచి చూసి వచ్చి అత్త పక్కన కూలబడింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నన్ను ఒళ్ళోకి లాక్కుని, కుడి చేతి అంచున తను వేసిన ముడిని పంటితో ఊడదీసింది.

“వద్దమ్మా. అది నువ్వల్లిన చెయ్యి.”

“అల్లండి అత్తయ్యా.”

తను లాగింది, అత్త అల్లింది. పదకొండు జన్మల కష్టంతో వచ్చిన నా కుడి చెయ్యి కుట్టు కుట్టుగా ఊడిపోతోంది, ఆ దారమే ఎడమ చేతికి చేరుతోంది. నొప్పి పుట్టలేదా అంటే, నాకు నొప్పి పుట్టదు. పక్కన ఇద్దరున్నారు, వాళ్ళకే పుట్టింది.

“గౌన్ల వల్ల కాదే,” అంది నూకరత్నం సూది మీంచి తలెత్తకుండా. “నాకు తెలుసు అప్పుడే. దేనివల్లో తెలీక గౌన్లనుకున్నాను. దేన్నో ఒకదాన్ని అనుకోవాల కదా.”

“నేనూ గౌన్లనే అనుకున్నానత్తయ్యా.”

“నాకు చెప్పుంటే...”

“మీరడిగుంటే...”

అంతే అన్నారు. ఆ రోజు ఒక్క వరసతో ఆగలేదు, సాయంత్రం దీపాలు వేసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మర్నాడు కేజీ రెండొందల డెబ్భై. దాని మర్నాడూ అంతే. దాని తర్వాత పది గ్రాములు పెరిగింది. పది గ్రాములంటే ఎంతో తెలుసా? మీ ఇంట్లో టీలో వేసుకునే రెండు చెంచాల పంచదార. ఆ పూట దేముడుబాబు ఆ వార్డులో కనబడ్డ ప్రతివాళ్ళకీ టీ పోయించాడు, చేతులు కడుక్కుంటున్న డాక్టరుతో సహా.

ముప్పై నాలుగో రోజు పిల్లని ఇచ్చేశారు. అప్పటికి నాకు కుడి చెయ్యి లేదు. ఎడమ చెయ్యి మాత్రం, తొడుక్కున్నవాళ్ళు ముందు నడుస్తుంటే వెనక రెండో రోజు వచ్చేంత పొడుగుంది. ఆఖరి కుట్టుకి ముడెయ్యమని హైమ నన్ను ఇవ్వబోతే నూకరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది. హైమ కూడా బలవంతపెట్టలేదు. సూదిని ఆ ఆఖరి కన్నంలోనే ఉంచి, నన్ను మడతపెట్టి, ట్రంకు పెట్టెలో పెట్టారు. పిల్లకి దేముడుబాబు సంతలో దొరికిన పసుపుపచ్చ స్వెట్టరు కొన్నాడు. దానికి రెండు చేతులూ ఒకే పొడుగున్నాయి. ఏం చేస్తాం, కొన్నింటి అదృష్టం అలాంటిది.

పిల్ల పేరు యోషిత. ఇప్పుడు నాలుగేళ్ళు. నేనెవరో దానికి తెలీదు. నాకు మాత్రం దాని ఒంట్లో సంగతులన్నీ తెలుసు. జ్వరం వచ్చినప్పుడల్లా పెట్టె మూత తెరుచుకుంటుంది. నూకరత్నం నా ముందు ముక్కలోంచి కాస్త ఊలు విప్పి, ఎడమ చేతికి ఒక వరస వేస్తుంది. మొదటి ఏడాది పద్నాలుగు వరసలు. న్యుమోనియా అన్నప్పుడు ఒక్క వారంలో ఆరు. రెండో ఏడాది తొమ్మిది. పోయిన ఏడాది నాలుగు. హైమ చూస్తూ ఉంటుంది, వద్దనదు. ఒకసారి అత్తకి చెయ్యి నొప్పిగా ఉంటే ఆ వరస తనే వేసింది, బిగించి. మిగతా స్వెట్టర్లన్నీ ఎప్పుడు పూర్తవుతామా అని చూస్తుంటాయట. నేను మాత్రం చీకట్లో పడుకుని, ఇంకొక్క వరస కూడా పడకూడదని చూస్తుంటాను.

ఇవాళ పొద్దున్న మూత తెరుచుకుంది.

రాత్రి పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చబడిందని నూకరత్నం నన్ను బయటికి తీసింది. కొస కోసం వేలు వెతుకుతోంది. పెరట్లోంచి యోషిత తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. నా చెయ్యి మొత్తం, ఆ ఏనుగు తొండం మొత్తం, బిగుసుకుపోయింది.

“నాయనమ్మా! మేక నా చెప్పు నమిలేత్తంది! నువ్వు రా! కర్ర తే!”

ఆ కేకకి పెరట్లో కోళ్ళన్నీ ఒకేసారి లేచాయి. నూకరత్నం ఆ గొంతు విని, ఊపిరి బిగబట్టి ఇంకాస్త విని, “చెప్పు పెరట్లో ఎవుతె వదలమందే?” అని అంతకన్నా గట్టిగా అరిచింది. నన్ను పెట్టెలో కుక్కి, మూత వేసి పరిగెత్తింది.

ఒక్క వరస కూడా వెయ్యలేదు.